వీడియో ఆటలు – గ్రంథపఠనము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచియుండుట గ్రామమునకు శుభసూచకము. బావి త్రవ్వించినవానిని, చెట్టు నాటినవానిని ఊరు తరతరములు తలచుకొనును. గ్రంథాలయమును స్థాపించినవారును ఆ కోవలోనివారే. అయితే బావికి ఒక ధర్మము కలదు. తోడుచున్నంతకాలము దాని నీరు తేటగా నుండును. తోడువారు లేకున్న పాచిపట్టి పాడగును. గ్రంథాలయమునకును అంతే. బీరువాలలో ఎన్ని పుస్తకములున్నవను లెక్కకంటె, వానిని తీసి చదువు చేతులెన్ని యున్నవను లెక్కయే ముఖ్యము. కావున రజతోత్సవము నాడు పుస్తకములను మాత్రమే కాక పాఠకులనుగూడ లెక్కించుకొనుట ఉచితము.

ఈ పాతికేండ్లలోనే పల్లెలలోనికి మరియొక వస్తువు వచ్చి చేరినది. సెల్‌ఫోను మొదట మాటలాడుటకు వచ్చినది. 2016వ సంవత్సరము తరువాత డేటా ధర ఒక్కసారిగా పడిపోయి, చిత్రములును పాటలును ఆటలును దానివెంట వచ్చినవి. 2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడగా పాఠము సైతము ఫోనులోనికే చేరినది. అప్పుడు పాఠమునకై బిడ్డ చేతికిచ్చిన ఫోను, బడులు తెరచిన పిమ్మటగూడ అనేక గృహములలో ఆ చేతినే యుండిపోయినది. నేడు ఏ పల్లెలోనైనను సాయంకాలము గ్రంథాలయమునకు పోయి చూచిన, లోపల పెద్దలు నలుగురు దినపత్రికలు చదువుచుందురు. వెలుపల అరుగుమీద పిల్లలు నలుగురు ఒకే ఫోనుపై తలలు వంచి యుందురు. అరుగునకును లోపలి బల్లకును నడుమ నున్నది ఒక్క గడపయే. ఆ గడప దాటకున్నచో, ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము నాటికి పాఠకులెవరు?

ఈ ఆటలవలన బిడ్డలు చెడిపోవుదురని తల్లులందురు. బుద్ధి చురుకగునని పిల్లలందురు. ఇరువురి మాటలోను కొంత సత్యము కలదు. పరిశీలించి తేల్చిన విషయములనుబట్టి దీనిని తూచి చూచుటయే ఈ ఉపన్యాసము ఉద్దేశము.

వీడియో ఆట పుట్టినది వ్యాపారశాలలో కాదు, విజ్ఞానశాలలో. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలయందు విలియం హిగిన్‌బోథమ్ అను శాస్త్రజ్ఞుడు, సందర్శకుల వినోదార్థము ఒక చిన్న తెరమీద టెన్నిసు ఆటను కల్పించెను. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున యువకులు కొందరు నక్షత్రనౌకల యుద్ధమును కంప్యూటరుపై ఆడిరి. 1971లో నాణెము వేసి ఆడు యంత్రములు అంగళ్లలోనికి వచ్చినవి. 1984లో మాస్కోలో ఇటుకలు పేర్చునట్టి ‘టెట్రిస్’ ఆట పుట్టినది. తరువాత ఆట టీ.వీ.కి తగిలించు పెట్టెలోనికిని, అటనుండి మనుజుని జేబులోనికిని దిగినది. 2023లో చైనాదేశమున హాంగ్‌జౌ నగరమందు జరిగిన ఆసియా క్రీడలలో వీటికి పతకములు సైతము ఇచ్చిరి. ఇంతదూరము వచ్చినదానిని పనికిమాలినదని ఒక్కమాటతో త్రోసివేయుట వివేకము కాదు.

క్రొత్తదానిని నిందించుట లోకస్వభావము. పుస్తకముగూడ ఒకనాడు ఈ నిందను పడినదే. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో రచించిన ‘ఫీడ్రస్’ అను గ్రంథమున సోక్రటీసు ఒక ఈజిప్టు కథ చెప్పును. అక్షరములను కనిపెట్టిన దేవతతో అచ్చటి రాజు, వ్రాత వచ్చినచో జనులు జ్ఞాపకశక్తిని కోల్పోవుదురని వాదించును. తెలుగునాటను అంతే. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి చిన్న నవలలు చేతికందిన కాలమున, ‘నవలలు చదివి పిల్లలు పాడగుచున్నారు’ అని గొణిగిన పెద్దలు లేకపోలేదు. ఆ నవలలతో చదువు మరిగి, పిమ్మట పెద్ద గ్రంథములకు ఎక్కినవారును పెక్కుమంది.

హింస విషయమును ఇట్లే చూడవలయును. హింసాత్మకమగు వీడియో ఆటలను పిల్లలకు అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన చట్టమును 2011లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసెను. గ్రిమ్ సోదరుల బాలకథలలోను రక్తపాతమునకు కొదువలేదని ఆ తీర్పు గుర్తుచేసెను. తెలుగు బాలుడు సైతము హిరణ్యకశిపుని వధను, దుశ్శాసనుని వధను వినియే పెరుగుచున్నాడు. కావున తెరమీద తుపాకి ప్రేలినంతమాత్రమున ఆట చెడ్డదనియు, కాగితముమీద ప్రేలిన మంచిదనియు అనుట నిలువదు. పుస్తకమునకును ఆటకును గల భేదమును వేరొకచోట వెదకవలయును.

మొదట ఆటకు రావలసిన మెప్పును ఇచ్చివేయుదురుగాక. 2003లో అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వేగముగల ఆటలు ఆడువారు తెరమీది వస్తువులను ఇతరులకంటె చురుకుగా గుర్తింతురని కనుగొనిరి. అంతకుముందు ఆడనివారిచేత దినమునకు గంటచొప్పున 10 దినములు ఆడింపగా వారికిని ఆ చురుకుదనము కొంత అబ్బినది. చిన్న రంధ్రముగుండ పరికరములు దూర్చి, తెర చూచుచు శస్త్రచికిత్స చేయు వైద్యులను గూర్చి 2007లో ఒక పరిశీలన వెలువడినది. వారిలో వారమునకు 3 గంటలకు పైగా వీడియో ఆటలు ఆడిన అలవాటుగలవారు, శిక్షణాభ్యాసములలో 37 శాతము తక్కువ పొరపాట్లు చేసిరి. 27 శాతము వేగముగా పనిచేసిరి. ఆటవలన చేయి కుదిరినదో, చేయి కుదురుగానున్నవారే ఆటకు దిగిరో ఆ లెక్క చెప్పజాలదు. అయినను కంటికిని చేతికిని ఆట కొంత సాధన యిచ్చునని ఒప్పుకొనుట న్యాయము.

అయితే ఆ లాభము ప్రాయికముగా అచ్చటనే ఆగుచున్నది. ఈతలో దిట్టయైనవాడు అంతమాత్రమున తాడిచెట్టు ఎక్కలేడు. ఆటలతో తెలివి పెరుగుననియు, బడిలోను ఉద్యోగములోను రాణింతురనియు ప్రచారము చేసి సొమ్ము గడించిన ఒక సంస్థ, ఆ మాటలకు తగిన ఆధారము చూపలేక, 2016లో అమెరికా ప్రభుత్వ వాణిజ్యసంఘమునకు 20 లక్షల డాలర్లు చెల్లించుకొనవలసివచ్చెను. ఆట ఆటకు పనికివచ్చును. అది చదువునకు మారుగా నిలువదు.

ఇపుడు అసలు విషయమునకు రావలయును. ఆట యింటికి వచ్చినపుడు బిడ్డ చదువునకేమగును? దీనిని నేరుగా పరీక్షించిన పరిశోధన యొకటి కలదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమందు డెనిసన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు దానిని 2010లో ప్రకటించిరి. వారు 6 మొదలు 9 సంవత్సరముల వయస్సుగల 64 మంది బాలురను ఎన్నుకొనిరి. వీరి యిండ్లలో అదివరకు ఆటపెట్టెలు లేవు. తల్లిదండ్రులు కొనవలెనను ఆలోచనలో మాత్రముండిరి. పరిశోధకులు అందరికిని ఆటపెట్టె యిచ్చెదమనిరి. కాని చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు వెంటనే యిచ్చిరి, రెండవ జట్టునకు 4 నెలలు గడచిన పిమ్మట ఇచ్చిరి.

ఈ ఏర్పాటులోని నేర్పు గమనింపదగినది. ఆడు పిల్లవానిని, ఆడని పిల్లవానిని ఊరకే పోల్చినచో, చదువునందు ఆసక్తి లేకనే వాడు ఆటకు పోయెనేమో యను సందేహము మిగిలియుండును. ఇచ్చట ఆ సందేహమునకు తావులేదు. ఉభయులును ఆట కోరినవారే. ఒకరికి ముందు దొరికినది, ఒకరికి వెనుక దొరికినది. అంతియే భేదము.

నాలుగు నెలలు గడచినవి. పరీక్షింపగా, ఆటపెట్టె ముందు చేరిన యిండ్ల బాలురు చదువుటలోను వ్రాయుటలోను రెండవ జట్టుకంటె వెనుకబడియుండిరి. వారికి చదువులో చిక్కులున్నవని ఉపాధ్యాయులును ఎక్కువగా చెప్పిరి. గణితమున మాత్రము చెప్పుకొనదగిన తేడా కనబడలేదు. కారణము వెదకగా, ఆట పిల్లల బుద్ధిని మొద్దుబార్చినదని తేలలేదు. బడి విడిచిన తరువాత చదువునకు పోవలసిన కాలమును ఆట తీసికొన్నదని తేలినది.

సభాసదులారా, ఈ యొక్క మాటను ఇంటికి తీసికొనిపోయిన చాలును. ఆట విషము కాదు, కాలమును మ్రింగునది. పిల్లవాడు బడినుండి వచ్చినది మొదలు పండుకొనువరకు చేతనుండునవి మూడు నాలుగు గంటలు. అందు స్నానము, భోజనము, బడిపని పోగా మిగులునది ఒక గంటయో, గంటన్నరయో. ఆ గంట యెవరిదగునో, వాని చదువును వారే తీర్చుదురు.

లెక్కలకు రాని నష్టము చదువునకే యేల వచ్చెను? కారణము ఊహింపవచ్చును. లెక్కలు బడిలో పంతులుగారు చెప్పగా వచ్చును. చదువుట మాత్రము చదువగా చదువగా గాని రాదు. తెలుగు నేర్చు బిడ్డ అక్షరమాల దాటి, గుణింతములు దాటి, ఒత్తులయొద్ద తడబడును. ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని వాక్యము చివరకు చేరునప్పటికి మొదలు మరచిపోవును. ఈ దశలో చదువు శ్రమ, ఆట సుఖము. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి ‘నీకిష్టమైనది తీసికొమ్ము’ అనిన, బిడ్డ దేనిని తీసికొనునో వేరుగ చెప్పనక్కరలేదు. కాని కొన్ని నెలలు విడువక చదివించినచో అక్షరములు కంటికి అడ్డుపడుట మాని, వాని వెనుకనున్న కథ కనబడసాగును. ఆనాటినుండి చదువును సుఖమే. ఆ సుఖము రుచి చూడకముందే గంట చేజారిపోయిన బిడ్డకు, పుస్తకము జీవితాంతము బరువుగనే యుండును.

కెనడా పండితుడు కీత్ స్టానోవిచ్ 1986లో ఈ విషయమునే వివరించెను. చదువ నేర్చిన బిడ్డ యెక్కువ చదువును. చదివిన కొలది ఇంకను బాగుగా చదువును. తడబడు బిడ్డ తప్పించుకొనును. తప్పించుకొన్న కొలది ఇంకను వెనుకబడును. మొదట గోరంతయైన తేడా యేండ్లు గడచిన కొలది కొండంత యగును. ఇది వడ్డీ వంటిది. సకాలమున దాచినవానికి వడ్డీ కూడును. అప్పుచేసినవానికిని వడ్డీయే పెరుగును.

మరి పుస్తకమిచ్చునదేమి? మొదటిది పదసంపద. 1988లో ఆంగ్లభాషను గూర్చి ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క వేసిరి. పిల్లల పుస్తకములలో 1,000 మాటలకు సుమారు 31 అరుదైన మాటలుండగా, పెద్దలు చూచు టీ.వీ. కార్యక్రమములలో 23, కళాశాలలో చదివిన పెద్దల సంభాషణలో 17 మాత్రమే యుండెను. అనగా బాలుడు చేతబట్టిన చిన్న కథల పుస్తకము, విద్యావంతుల ముచ్చటకంటె ఎక్కువ మాటలను నేర్పుచున్నది. మాటలు లేనివాడు దరఖాస్తు వ్రాయలేడు, దస్తావేజు చదివి గ్రహింపలేడు, మందుసీసాపై వ్రాసినది తెలిసికొనలేడు, సభలో తన పక్షము చెప్పలేడు. ఇవి పల్లెవానికి నిత్యము కావలసినవి.

రెండవది ఊహ. ఆట చిత్రమును సిద్ధముగా చేసి యిచ్చును. పుస్తకము ‘మఱ్ఱిచెట్టు’ అని నాలుగక్షరములు చెప్పి ఊరకుండును. చదువరి తన ఊరి చెరువుగట్టుననున్న మఱ్ఱిని అచ్చట నాటుకొనును. మూడవది నిదానము. ఆటలో ఒక క్షణము కన్ను మరల్చిన ఓటమి. పుస్తకము చదువరికొరకు ఆగును. అతడు తలయెత్తి, ఆలోచించి, వెనుకపుట త్రిప్పి, సందేహము తీర్చుకొని ముందునకు పోవచ్చును. ఆలోచనకు విరామమిచ్చు గురువు వంటిది పుస్తకము.

ఇది పిల్లలకే యనుకొనరాదు. 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, ఉత్తరప్రదేశమున లక్నో సమీపపు పల్లెలలో అక్షరజ్ఞానము లేని పెద్దలకు ఆరు నెలలు హిందీ చదువుట నేర్పి, ముందును వెనుకను వారి మెదడులను యంత్రముతో పరీక్షించిరి. ఆ కొలదికాలపు చదువునకే మెదడు లోతులలో సైతము మార్పు కనబడినది. ముప్పదియేండ్లు దాటిన గృహిణికిని అక్షరము క్రొత్త దారులు వేయగలదని దీనివలన తెలియుచున్నది.

ఆటకు మరల వచ్చిన, నేటి ఫోను ఆటలయందు వెనుకటి ఆటలలో లేని యొక కిటుకు కలదు. వామనగుంటలకు ముగింపు కలదు. అష్టాచెమ్మా పందెము ఒకరు పండగానే ముగియును. పుస్తకమునకు చివరి పుట యుండును. ఈ యాటలలో పెక్కింటికి చివరి పుట లేదు. ఉచితమని పిలుచును, పిదప దుస్తులకును ఆయుధములకును సొమ్మడుగును. ప్రతిదినము వచ్చినవానికి బహుమతి యిచ్చును, రాకున్న పోగొట్టును. ఏ పెట్టెలో ఏమి వచ్చునో తెలియనట్లు దాచి, జూదగాని ఆశను పిల్లవానియందు రేపును. అట్టి పెట్టెలను బెల్జియం దేశము 2018లో జూదముగానే పరిగణించెను. పిల్లవాడు విడువలేకపోవుట వాని దోషము మాత్రమే కాదు. వానిని విడువకుండునట్లు చేయుటకు అచ్చట ఎందరో నిపుణులు జీతములు తీసికొని పనిచేయుచున్నారు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల పట్టికలో ఆటవ్యసనమును చేర్చెను. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దానికి వారు చెప్పిన లక్షణములు మూడు: ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నింటికంటె ఆటయే ముఖ్యమగుట, నష్టము కలుగుచున్నను మానలేకపోవుట. ఇవి సాధారణముగా 12 నెలలు కనబడవలయును. ఆడువారందరు రోగులు కారు, అట్టివారు కొలదిమందియే. కావున సెలవునాడు ఒక గంట ఆడిన బిడ్డను చూచి తల్లి బెదరనక్కరలేదు. నిద్ర, భోజనము, స్నేహము విడిచి ఆడుచున్న బిడ్డను మాత్రము తిట్టక, కొట్టక, వైద్యుని సలహాకు తీసికొనిపోవలయును.

సొమ్ము పందెము కాయు ఆటల సంగతి వేరు. అవి ఆటలు కావు, జూదములు. తెలంగాణ రాష్ట్రము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను వానిని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసినది. ధర్మరాజు కథ విన్న జాతికి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

అయితే చట్టము ఎంతవరకు పనిచేయును? దక్షిణ కొరియా దేశము 16 ఏండ్లలోపు పిల్లలు అర్ధరాత్రి మొదలు ఉదయము 6 గంటలవరకు ఆడరాదని 2011లో నిషేధించి, పది సంవత్సరములు నడపి, 2022 ఆరంభమున ఎత్తివేసెను. చైనా 2021లో వారమునకు మూడు దినములు గంటచొప్పున మాత్రమే పిల్లలు ఆడవలెనని కట్టడి చేసెను. ప్రభుత్వము తెరను మూయింపగలదు. బిడ్డ చేతిలో పుస్తకమును తెరువలేదు. ఆ పని ఇంటిది, గ్రంథాలయముది.

తెలుగునాట గ్రంథాలయోద్యమము ఈ మార్గమును ముందే చూపినది. 1914లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘము నెలకొల్పిననాడు, పాఠకుడు వచ్చువరకు వేచియుండక అతనియొద్దకే పోవలయునను దీక్ష వారియందుండెను. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు సీమలో పుస్తకములను పడవకెక్కించి, కాలువ వెంబడి ఊరూర పంచిరి. పడవవాండ్రును ప్రయాణికులును చదివిరి. నేడు పిల్లలు అరుగుమీదనే యున్నారు. వారియొద్దకు పోవుటకు పడవ యక్కరలేదు. గడప దాటిన చాలును.

కార్యవర్గమువారు సాయంకాలము 6 మొదలు 8 గంటలవరకు పిల్లలకై తలుపులు తెరచియుంచవలయును. పిల్లల పుస్తకములు తాళము వేసిన బీరువాలో కాక, వారి చేతికందు ఎత్తున నుండవలయును. ప్రతిదినము ఒక అరగంట, పై తరగతుల పిల్లలు చిన్నవారిని కూర్చుండబెట్టుకొని కథ పైకి చదువవలయును; కథను ఆసక్తిగల పట్టున ఆపి, ‘మిగిలినది రేపు’ అనవలయును. ఆటలవారికి తెలిసిన కిటుకు గ్రంథాలయమునకు మాత్రము తెలియరాదా! బొమ్మల కథయైనను, 1947లో పుట్టి దశాబ్దములు తెలుగు పిల్లలను అలరించిన ‘చందమామ’ పాత సంచికయైనను, బిడ్డ కోరినదానిని చదువనీయవలయును. చినిగిపోవునను భయమున పుస్తకమును దాచుటకంటె, చినిగిన పుస్తకమునకు అట్ట వేయించుట మేలు. చదివి చినిగిన పుస్తకము గ్రంథాలయమునకు నగవంటిది.

తల్లిదండ్రులకు రెండే మాటలు. ఆట మానిపించుటకు పుస్తకమును శిక్షగా చేయవలదు. శిక్షయైనదానిని ఎవడును ప్రేమింపడు. రెండవది, రాత్రి భోజనమువేళ ఇంటిలోని ఫోనులన్నియు ఒకచోట పెట్టవలయును. పెద్దలవియు అందు చేరవలయును. తండ్రి తెర చూచుచు కుమారుని పుస్తకము చూడుమనిన, కుమారుడు మాట వినడు, తండ్రిని చూచును. ఆడపిల్లల విషయము మరువరాదు. ఒహాయో పరిశోధన బాలురనుగూర్చినది. పల్లెలలో బాలిక గంటను పెక్కుచోట్ల ఆట తీయదు, ఇంటిపని తీయును. ఆమెకును సాయంకాలమున ఆ అరగంట దక్కవలయును; గ్రంథాలయమున ఆమెకు నిర్భయముగా కూర్చుండు చోటు ఉండవలయును.

ఆటపెట్టె వచ్చిన నాలుగు నెలలకే ఒహాయో బాలుర చదువు తగ్గినది. కాలము తీసికొనుటవలన పోయినది, కాలము ఇచ్చుటవలన తిరిగి రావలదా? ఈ రజతోత్సవము నాటినుండి నాలుగు నెలలు, దినమునకు అరగంటచొప్పున, ఈ గ్రామము తన పిల్లలకు ఆ కాలమునిచ్చి చూచుగాక. ఖర్చు లేదు, కావలసినది పట్టుదల. నాలుగు నెలలు గడచిన పిమ్మట పుస్తకములిచ్చు రిజిస్టరును తెరచి, అందు పిల్లల పేర్లెన్ని చేరినవో కార్యవర్గమువారే లెక్కించి చూతురుగాక.

ఇంకను ఇరువదియైదు సంవత్సరములకు ఈ ఆవరణలోనే స్వర్ణోత్సవము జరుగవలయును. ఆనాడు కార్యదర్శియై స్వాగతము పలుకువాడో, పలుకునదియో, నేడు వెలుపలి అరుగుమీద కూర్చుండియున్న పిల్లలలో ఒకరు కావలయును. ఆ బిడ్డను లోపలికి పిలుచు భారము ఈ సభలోని పెద్దలది. గ్రంథాలయము వర్ధిల్లుగాక! గ్రామము విద్యావంతమై విలసిల్లుగాక!